బార్ చార్ట్‌లో కనపడని బస్ స్టాప్

2023లో, చలి ఇంకా పూర్తిగా వదలని మార్చి నెలలో జరిగిన సంగతి ఇది. అప్పటికి నేను సెంట్రల్ న్యూజెర్సీలోని ఒక చిన్న దినపత్రికలో పనిచేస్తున్నాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. అచ్చుపేజీలు ఏటేటా తగ్గుతూ, వెబ్‌సైట్ పెరుగుతూ వస్తున్న పత్రిక మాది. టౌన్‌షిప్‌లని పిలిచే ఇక్కడి మునిసిపాలిటీల కౌన్సిల్ సమావేశాలు, స్కూలు బడ్జెట్లు, రోడ్ల మరమ్మతులు, హైస్కూలు ఆటల పోటీలు మా వార్తలు. ఆ వార్తల్లో అంకెలుంటే వాటికి బొమ్మ గీసే పని నాది.

గీయడమంటే చేత్తో కాదు. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో కోడ్ రాస్తాను, అది చార్ట్ గీస్తుంది. నా ఉద్యోగం గురించి విన్నవాళ్లు అందులో కష్టమేముంది, బటన్ నొక్కితే వచ్చేస్తుంది కదా అంటారు. నిజమే, వచ్చేస్తుంది. ఆ తర్వాతే అసలు పని మొదలవుతుంది. చార్ట్ పక్కన అంకెలుండే గీతను యాక్సిస్ అంటాం. అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో చెప్పేది లిమిట్. చార్ట్ చుట్టూ పేర్లకూ శీర్షికకూ వదిలే ఖాళీ మార్జిన్. నా పనిగంటల్లో సగం ఈ మూడింటిని అటూ ఇటూ జరపడంలోనే పోతాయి.

ఇక్కడికి రాకముందు విజయవాడలో ఒక తెలుగు దినపత్రిక డెస్క్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. అక్కడ రాఘవరావు గారని చీఫ్ సబ్ ఎడిటర్ ఉండేవారు. గ్రాఫ్ ఉన్న పేజీ ఆయన బల్ల మీద పెడితే శీర్షిక చదవకముందే కళ్లజోడు పైకి తోసి, "సున్నా ఎక్కడుందమ్మా?" అనేవారు. బార్ చార్ట్‌లో పాఠకుడు చూసేది బార్ పొడవు. ఆ పొడవు సున్నా దగ్గర మొదలైతేనే దానికి అర్థం ఉంటుంది. నడుం కింద కోసేసిన ఇద్దరు మనుషుల్ని పక్కపక్కన నిలబెట్టి ఎవరు పొడుగో చెప్పమంటే ఎలా అని ఆయన వాదన. రెండో అలవాటు కూడా ఆయన పెట్టిందే. పట్టికలో ఉన్న అంకెలన్నీ కూడి, కింద వేసిన మొత్తంతో సరిచూడకుండా పేజీ వదలకూడదు.

ఇక ఆ మార్చి సంగతి. మా పరిధిలోని ఒక టౌన్‌షిప్‌లో, పేరు చెప్పడం అనవసరం, అపార్ట్‌మెంట్ల నుంచి రైల్వే స్టేషన్‌కి, అక్కణ్నుంచి ఫార్మా కంపెనీల వైపు తిరిగే ఒక షటిల్ బస్సు ఉంది. ఎక్కేవాళ్లు తగ్గిపోయారు కాబట్టి దాన్ని ఆపేద్దామని టౌన్‌షిప్ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు ప్రతిపాదించింది. ఒక రిపోర్ట్ తయారుచేసి, దాని సారాంశాన్ని రెండు పేజీల కాగితంగా ఇంటింటికీ పంపింది. మొదటి పేజీలో ఒక చార్ట్: ఏ ఏడు ఎంతమంది ఎక్కారో. రెండో పేజీలో ఇంకొకటి: ఏ స్టాప్‌లో ఎంతమంది ఎక్కుతున్నారో. నెల తిరక్కుండా కౌన్సిల్ ఓటు వేయాలి.

ఆ కాగితం అందిన మర్నాడు మా ఎడిటర్‌కి ఒక ఈమెయిల్ వచ్చింది. రాసినామె పేరు సుజాత. పేరు చూసి, మీ వైపు మనిషే అనుకుంటా, ఒకసారి మాట్లాడమని ఆయన నాకు పంపాడు. ఫోన్ చేశాను. తెలుగు గొంతు వినేసరికి ఆమె ఇంగ్లిష్ వదిలేసింది.

"అక్కా, ఆ కాగితం చూసిన్రా? రెండో పేజీల మా స్టాప్ ఏడ పోయింది?"

సుజాతది కరీంనగర్. ఒక ఫార్మా కంపెనీ ల్యాబ్‌లో మందుల నాణ్యత పరీక్షించే ఉద్యోగం. ఆమెకు ఫిట్స్ వస్తాయి. డాక్టర్ కారు నడపొద్దన్నారు. భర్త ఆఫీసు ఇంకో వైపు, ఆయన ఆమెకంటే ముందే బయల్దేరాలి. రోజూ రైడ్ బుక్ చేసుకుంటే జీతంలో ఎంత మిగులుతుందో లెక్కేసుకోవడం కూడా మానేసిందట. జబ్బు బయటపడ్డ కొత్తలో రెండేళ్లు ఇంట్లోనే కూర్చుంది. మళ్లీ ఉద్యోగం దొరికింది ఈ బస్సు ఉందన్న ధైర్యం మీదే. అది ఆగితే ఉద్యోగమూ ఆగినట్టే.

ఇవన్నీ ఆమె ఏడుస్తూ చెప్పలేదు. కోపంగా చెప్పింది. సెడార్ రన్ అని వాళ్ల అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్. దానికి రెండు గేట్లు, ఈస్ట్, వెస్ట్. బస్సు రెండు చోట్లా ఆగుతుంది. చార్ట్‌లో మాత్రం సెడార్ రన్ అని ఒకే బార్ ఉంది. రెండు గేట్లనూ కలిపి చూపించారేమో అన్నాను.

"కలిపితే ఇంత పొట్టిగ ఉంటదా? పొద్దున మా గేట్ కాడ ఎంతమందిమి నిలబడ్తమో మీరే వచ్చి చూడుండ్రి."

వెళ్లి చూశాను. డెస్క్‌లో పనిచేసినా పత్రికలో పెరిగిన మనిషికి, వచ్చి చూడమంటే కూర్చోబుద్ధి కాదు. వెస్ట్ గేట్ దగ్గర షెల్టర్ కూడా లేదు, ఒక స్తంభానికి బోర్డు మాత్రం ఉంది. జాకెట్ల మీద జాకెట్లు తొడుక్కుని, భుజాన లంచ్ బ్యాగులతో మనుషులు వరసగా నిలబడి ఉన్నారు. ల్యాబ్ వాళ్లు, న్యూయార్క్ రైలు పట్టుకునే సాఫ్ట్‌వేర్ వాళ్లు, కారు కొనే స్థోమత ఇంకా రాని ఇద్దరు ముగ్గురు ఎం.ఎస్. విద్యార్థులు, ఆస్పత్రిలో పనిచేసే ఒక ఫిలిప్పీన్స్ నర్సు. సుజాత నన్ను వాళ్లకి "పేపర్ అక్క" అని పరిచయం చేసింది. నేనూ వాళ్లతో పాటు ఎక్కాను. బస్సు కాంప్లెక్స్ లోపలికి తిరిగి ఈస్ట్ గేట్ దగ్గర ఆగినప్పుడు అక్కడా అలాంటి వరసే ఎక్కింది.

ఆఫీసుకి వచ్చి రాఘవరావు గారు చెప్పిన పని చేశాను. రెండో చార్ట్‌లో ప్రతి బార్ పొడవునూ యాక్సిస్ మీద కొలిచి, సుమారు అంకెలు రాసుకుని కూడాను. రిపోర్ట్‌లో ఇచ్చిన మొత్తం కంటే బాగా తక్కువ వచ్చింది. కంటి కొలత కాబట్టి కొంత తేడా ఉంటుంది. ఇది ఆ కొంత కాదు. బొమ్మలో ఎక్కడో మనుషులు రాలిపోయారు.

మొదటి చార్ట్‌కి పెద్దగా వెతకాల్సిన పని లేకపోయింది. యాక్సిస్ సున్నా దగ్గర మొదలవలేదు. బార్లన్నీ మెడ దాకా కోసేసి ఉన్నాయి. ఎక్కేవాళ్లు కొద్దిగా తగ్గిన మాట నిజం. ఆ కొద్ది తగ్గుదల బొమ్మలో కొండ మీంచి పడ్డట్టుగా కనపడుతోంది.

ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకి ఫోన్ చేసి, చార్ట్‌ల వెనకున్న డేటా, కోడ్ చూడొచ్చా అని అడిగాను. ఇటువంటివి ఇవ్వడానికి ఆఫీసులు వారాలు తీసుకుంటాయి. ఆ రోజు ఫోన్ ఎత్తిన అమ్మాయి, రేపు రాగలరా అంది. పేరు అనిక. చార్ట్‌లు గీసింది తనే. నా పేరు విన్నాక కాస్త ఆగి, "మీరు తెలుగా, ఆంటీ?" అంది.

అనిక ఇక్కడే ఎడిసన్‌లో పుట్టి పెరిగిన పిల్ల. చదువు ముగించి ఆ ఆఫీసులో చేరి ఏడాది కాలేదు. నేను వెళ్లేసరికి లాప్‌టాప్ తెరిచి, రెండు కుర్చీలు వేసి ఉంచింది. దాచే ఉద్దేశం లేదని అక్కడే అర్థమైంది. ముందు మొదటి చార్ట్ గురించి అడిగాను, సున్నా ఎందుకు తీసేశావని.

"ముందు ఉంది, ఆంటీ. బార్స్ అన్నీ సేమ్ హైట్ కనిపించాయి. మా డైరెక్టర్, డిఫరెన్స్ కనపడట్లేదు, జూమ్ చేయి అన్నారు. నేను లిమిట్ మార్చా."

అందులో కుట్రేమీ లేదు. ప్రతి ఆఫీసులో వినపడే మాటే అది. బార్లన్నీ దాదాపు ఒకే ఎత్తులో ఉంటే అది బొమ్మ లోపమని అనుకుంటారు. దాదాపు ఒకే ఎత్తులో ఉండటమే అక్కడి వార్త. తేడా చూపించి తీరాలంటే ఒక్కో బార్ మీద దాని అంకె రాయొచ్చు, లేదా బార్లు మానేసి గీత గీయొచ్చు. గీతలో చూసేది పొడవు కాదు, ఎక్కడం దిగడం. అందుకే గీతకు సున్నా తప్పనిసరి కాదు. ఈ మాట చెప్పి, రాఘవరావు గారి నడుం కింద కోసిన మనుషుల పోలిక కూడా చెప్పాను. అనిక పగలబడి నవ్వింది. నవ్వుతూనే లిమిట్‌ని సున్నాకి మార్చి మళ్లీ నడిపింది. కొండ మాయమై, చిన్న వాలు మిగిలింది.

రెండో చార్ట్ తెరవమన్నాను. దీంట్లో బార్లు అడ్డంగా ఉంటాయి, స్టాప్ పేర్లు ఎడమ పక్క మార్జిన్‌లో వస్తాయి. ఈస్ట్ గేట్ ఏది, వెస్ట్ గేట్ ఏది అని అడిగాను.

"రెండు గేట్స్ ఉన్నాయా?" అంది. వెంటనే డేటా తెరిచింది. రెండూ ఉన్నాయి, వేర్వేరు వరసల్లో, వేర్వేరు అంకెలతో. ఆ డేటా ఎక్కించింది వేరే ఉద్యోగి కాబట్టి ఆమె కంట పడలేదు.

కోడ్‌ని కింది నుంచి పైకి చదువుకుంటూ వచ్చాం. మధ్యలో ఒక చిన్న లైన్ దగ్గర నా వేలు ఆగింది. ప్రతి స్టాప్ పేరునూ మొదటి కొన్ని అక్షరాల దగ్గర తెంపేసే లైన్. టౌన్‌షిప్ రిపోర్ట్‌లన్నిటికీ ఒక టెంప్లేట్, అంటే ముందే కొలతలు బిగించిన అచ్చు ఉంది. అందులో ఎడమ మార్జిన్ బాగా ఇరుకు. పొడుగు పేర్లు కాగితం అంచు దాటిపోతున్నాయి. మార్జిన్ మార్చొచ్చని అనికకు తెలుసు, కానీ టెంప్లేట్ ముట్టుకోవద్దని ఆఫీసు నియమం. అందుకని పేర్లు కత్తిరించింది. సెడార్ రన్ అపార్ట్‌మెంట్స్ ఈస్ట్ గేట్, సెడార్ రన్ అపార్ట్‌మెంట్స్ వెస్ట్ గేట్, రెండూ తెగి సెడార్ రన్ అయ్యాయి. పేరు ఒకటే అయితే చోటూ ఒకటే అనుకుంటుంది ఈ ప్రోగ్రామ్. రెండు బార్లనూ ఒకే వరస మీద, ఒకదాని మీద ఒకటి గీసింది. రంగు ఒకటే కాబట్టి పొట్టి బార్ పొడుగు బార్‌లో కలిసిపోయింది. ఒక గేట్ జనమంతా ఇంకో గేట్ జనం వెనక నిలబడిపోయారు.

ఆ కత్తిరించే లైన్ తీసేసి, మార్జిన్ పెంచి మళ్లీ నడిపింది అనిక. పేర్లు పూర్తిగా వచ్చాయి. సెడార్ రన్‌కి రెండు బార్లు వచ్చాయి. రెండిటినీ కలిపితే రైల్వే స్టేషన్ బార్ అంత అవుతోంది. స్టేషన్ దగ్గర తప్ప ఎక్కడా చెప్పుకోదగ్గ రద్దీ లేదని రిపోర్ట్‌లో రాసిన వాక్యం ఆ తెర ముందు నిలవలేదు.

ఆ పిల్ల మెడలో వేలాడుతున్న ఐడీ కార్డ్ తీసి నా ముందు పెట్టింది. ఆమె ఇంటిపేరు తుమ్మలచెరువు. కార్డ్ మీద సగం దాకా వచ్చి అంచు దగ్గర ఆగిపోయింది.

"స్కూల్‌లో అంతే, ఆంటీ. ఇన్సూరెన్స్ కార్డ్‌లో అంతే. నా పేరు ఎక్కడా ఫిట్ అవ్వదు. నేమ్ కట్ చేస్తే ప్రాబ్లమ్ వస్తుంది అని నాకు అసలు తట్టలేదు. నాకు అది నార్మల్."

కార్డ్ ఆమె చేతికి తిరిగిచ్చి నా ఇబ్బంది చెప్పాను. నేను పత్రిక మనిషిని. చూసింది రాయకుండా ఉండలేను. కానీ కౌన్సిల్ సమావేశానికి ఇంకా రోజులున్నాయి. ఈలోగా మీ ఆఫీసే సరిదిద్దితే, టౌన్‌షిప్ తన చార్ట్‌లు తానే సరిచేసుకుందని వార్త రాస్తాను. అదీ నిజమే కాబట్టి నాకు అభ్యంతరం లేదు.

"డైరెక్టర్‌కి చెప్పాలి," అంది, గొంతు తగ్గించి. "ఇది నా ఫస్ట్ జాబ్."

"తెలుసమ్మా. నేను చెప్పనా?"

"వద్దు. కోడ్ నాది. నేనే చెప్తా."

ఆ సాయంత్రం సుజాతకు ఫోన్ చేసి దొరికిన సంగతి చెప్పాను. సంతోషపడింది. అంతలోనే ఇంకో ఆలోచన వచ్చిందామెకు. ల్యాబ్‌లో రోజూ గ్రాఫ్‌లు చూసే మనిషి కదా, పాయింటు వెంటనే పట్టుకుంది.

"వాళ్లు కింద కోసి తగ్గింది పెద్దగ చూపించిన్రు. మీరు మీ పేపర్ల పైకి గుంజుండ్రి అక్కా. యాక్సిస్‌ని మీదికి బాగా పోనిస్తే తగ్గిందే కనపడది."

నిజమే. పై లిమిట్‌ని అక్కర్లేనంత ఎత్తుకు తీసుకుపోతే బార్లన్నీ అడుక్కి నక్కిపోయి, వాటి మధ్య తేడా కంటికి ఆనదు. ఎవరూ తప్పని చెప్పలేరు, సున్నా ఉన్నచోటే ఉంటుంది. అలా చేయనన్నాను. జనం కొంత తగ్గిన మాట వాస్తవం, అది కనపడాలి అన్నాను.

"మీరు ఎవరి దిక్కు అక్కా?"

"పొడవు దిక్కు."

"మీ పేపరోళ్లు గింతే," అని ఫోన్ పెట్టేసింది. రెండు రోజులు నా మెసేజ్‌లకు జవాబివ్వలేదు. ఆ రెండు రోజుల్లో ఆమె ఏం చేసిందో తర్వాత తెలిసింది. రెండు గేట్ల వాట్సాప్ గ్రూపులనూ ఒకటి చేసి, కౌన్సిల్ సమావేశానికి ఎవరెవరు వస్తారో, ఎవరు మాట్లాడతారో తేల్చింది. ఈస్ట్ గేట్ వాళ్లూ వెస్ట్ గేట్ వాళ్లూ అంతకుముందు బస్సులో ఒకరినొకరు చూసుకోవడమే తప్ప పలకరించుకున్నది తక్కువట.

సమావేశం రోజు హాలు వెనక వరసలు నిండాయి. అనిక లేచి మైక్ దగ్గరికి వెళ్లింది. పక్కనే డైరెక్టర్ ఉన్నాడు, మొహం సంతోషంగా లేదు గానీ అడ్డుపడనూ లేదు. ముందు పంపిన రెండు చార్ట్‌లూ పాఠకులను తప్పుదారి పట్టించేలా ఉన్నాయని, వాటిని గీసింది తానేనని, ఇవి సరిచేసినవని ఆమె ఇంగ్లిష్‌లో నెమ్మదిగా చెప్పింది. పాతదీ కొత్తదీ పక్కపక్కన చూపించింది. ఎక్కేవాళ్లు తగ్గిన మాట నిజమేనని, ముఖ్యంగా మధ్యాహ్నం ట్రిప్పుల్లో అని కూడా ఎవరూ అడక్కముందే చెప్పింది. అందుకే ఆమె మిగతా మాటలు నమ్మబుద్ధయిందని నా అభిప్రాయం. ఒక పెద్దావిడ, కౌన్సిల్ సభ్యురాలు, కళ్లజోడు సర్దుకుని, ఆ రెండు గేట్లూ కలిపితే స్టేషన్‌తో సమానమా అని అడిగింది. అవునంది అనిక. ఆ తర్వాత సుజాత మాట్లాడింది. తన జబ్బు గురించి ఒకే వాక్యం, తను చేసే పని గురించి మిగతాదంతా.

ఆ రోజు ఓటు జరగలేదు. వచ్చే సమావేశానికి వాయిదా పడింది. మర్నాడు మా పత్రికలో ఆ వార్త, దాంతో సున్నా నుంచి గీసిన చార్ట్ వచ్చాయి. అప్పుడు తేల్చిందేమిటంటే, పొద్దున, సాయంత్రం బస్సులు యథాతథంగా ఉంటాయి, మధ్యాహ్నం ట్రిప్పులు పక్క రూట్‌తో కలుస్తాయి. పూర్తి గెలుపేం కాదు. మధ్యాహ్నం బస్సు మీద ఆధారపడ్డ కొందరికి నడక పెరిగింది. సుజాత ఆ రాత్రి పంపిన మెసేజ్ చిన్నది: "పొద్దటి బస్ ఉంది అక్కా. ఇగ డ్యూటీ ఉన్నట్టే." దాని కింద ఇంకోటి: "గుంజకపోతేనే మంచిగైంది."

అనిక ఉద్యోగానికి ఏమీ కాలేదు. పైగా ఆ టెంప్లేట్ మార్చే పని ఆమెకే ఇచ్చారు. ఎడమ మార్జిన్ ఇప్పుడు అతి పొడుగు పేరును బట్టి తనే సర్దుకుంటుంది. మొదటి కొత్త రిపోర్ట్ నాకు పంపినప్పుడు కింద మూల చూడమని రాసింది. తయారుచేసినవారు అన్నచోట తుమ్మలచెరువు పూర్తిగా, చివరి అక్షరం దాకా ఉంది. దాని తర్వాత కాస్త ఖాళీ కూడా మిగిలింది.

మార్జిన్ అంటే అంతకుముందు నాకు అందం కోసం వదిలే చోటు. పేజీ ఇరుకైతే ముందు కోసేది దాన్నే. ఈ సంగతి తర్వాత నా పని వరస మారింది. ఇప్పుడు చార్ట్ మొదలుపెడితే ముందు పేర్లన్నీ పూర్తిగా రాస్తాను, వాటికి చోటు చూస్తాను, మిగిలినదాంట్లో బార్లు గీస్తాను. సున్నా ఎక్కడుందో అడగడం రాఘవరావు గారు నేర్పారు. ఎవరి పేరు తెగిందో అడగడం సెడార్ రన్ నేర్పింది.

పోయినేడు సుజాతకు ఫిట్స్ అదుపులోకి వచ్చాయని, ఇక కారు నడపొచ్చని డాక్టర్ చెప్పారు. వాళ్లాయన చిన్న కారు కూడా కొన్నాడు. ఆమె వారాంతాల్లో మనవాళ్ల దుకాణాలుండే ఐసెలిన్‌కి కూరగాయలకి నడుపుకుంటూ వెళ్తుంది గానీ, ఆఫీసుకి మాత్రం బస్సే. కారు పెట్టుకుని ఇంకా ఆ చలిలో నిలబడటం ఎందుకని అడిగాను.

"అలవాటైంది అక్కా," అంది. "ఇంకోటి, మా గేట్ బార్ తగ్గొద్దు కదా."